వసంతోత్సవములు - పురజనుల నాటకశాల

చైత్రము వచ్చినది. ఉగాదినాటి పంచాంగశ్రవణము మొదలు శ్రీరామనవమి పందిళ్ల వరకు ఊరూర పద్యము, హరికథ, నాటకము వినవచ్చు దినము లివి. ఈ సందడిని గాంచి సంతసింపని యాంధ్రుడుండడు. అయిన, పందిరి విప్పిన మరునాడు మన నాటకశాల గతి యేమగుచున్నదో విచారించువా రరుదు. అందులకే మే మీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వసంతమునకును నాటకమునకును గల చెలిమి నేటిది కాదు. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రము, హర్షుని రత్నావళి వసంతోత్సవ సందర్భమున ప్రదర్శింపబడినట్లు వాని ప్రస్తావనలే చెప్పుచున్నవి. కొండవీటి ప్రభువగు కుమారగిరిరెడ్డి వసంతోత్సవములు జరిపి కర్పూర వసంతరాయలని ప్రసిద్ధి గాంచెను. కాళిదాస నాటకములకు కాటయవేముడు రచించిన వ్యాఖ్య ఆ ప్రభువు పేరనే కుమారగిరిరాజీయమై వెలసినది. రాజులు పోయిరి, రాజుల బొక్కసములు పోయినవి. ఆ భారము పురజనుల పాలబడినది.

పురజనులు దానిని చక్కగనే మోసిరి. 1880లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారి వ్యవహార ధర్మబోధినిని ప్రదర్శించినవారు ఆయన విద్యార్థులు. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారి సరసవినోదినీ సభయు, 1892లో కన్యాశుల్కమును రంగమెక్కించిన విజయనగరపు జగన్నాథ విలాసినీ సభయు పట్టణవాసులు కూడి నడపిన సమాజములే. వకీళ్లు, ఉపాధ్యాయులు పగలు తమ పనులు చూచుకొని రాత్రి ముఖమునకు రంగు పూసికొనిరి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధతో మొదలైన సురభివారు కుటుంబమునే సమాజముగా జేసికొనిరి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినది. ఇందు దేనికిని ప్రభుత్వపు గ్రాంటు పునాది కాదు.

నేడో? సినిమాయు, ఇంటింటి తెరయు నాటకమును చంపినవని పలువు రనుచున్నారు. మేము పూర్తిగా నొప్పుకొనము. సురభివారి మాయాబజారును పిల్లలు నోరు తెరచుకొని చూచుట మనమెరుగనిది కాదు. నాటకమును కృశింపజేయుచున్నది ఉచితముగా చూడగోరు మన యలవాటు. కారులో వచ్చు పెద్దమనిషి పాసు కొరకు కార్యదర్శిని వేధించును. తీరా ముందు వరుసలో కూర్చుండి, రెండవ రంగము కాకమునుపే లేచిపోవును. నటుడు ప్రయాణపు ఖర్చులు చేతినుండి పెట్టుకొనును. దీనిని కళాపోషణ మనవచ్చునా?

బీదలకు నాటకము దూరము కారాదనువారి మాట న్యాయమే. వారికిని, విద్యార్థులకును వెనుక వరుసలు ఉచితముగా విడువవచ్చును. కొనగలిగినవారు టిక్కెట్టు కొని తీరవలయును.

మరి మూడు పనులు కర్తవ్యములు. మొదటిది: పురమందిరముల పాలకవర్గములు ఉగాది మొదలు ఏప్రిలు 16వ తేదీ వరకు వేదికను పెండ్లిండ్ల కీయక నాటక సమాజములకు సగము బాడుగకు ఇయ్యవలెను. ఆ తేదీ వీరేశలింగముగారి జన్మదినము. తెలుగు నాటకరంగ దినోత్సవము. 1946లో బళ్లారి రాఘవగారు అస్తమించినదియు నానాడే. రెండవది: స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలయునని రాఘవగారు పోరాడిరి. నేడు స్త్రీలు నటించుచున్నారు. కాని గడియ పడు వేషధారణపు గదియు, అర్ధరాత్రివేళ ఇల్లు చేర్చు వాహనమును ఎన్నిచోట్ల గలవు? మూడవది: పోటీలలో బహుమతి పొందిన నాటిక ఆ యూరితోనే ముగియరాదు. ప్రతి పట్టణమును ఏటేట ఒక్క సమాజమునైన పిలిచి, వారి ఖర్చు లిచ్చి, ఆడించుకొనవలెను.

ఇవి కోట్లతో నగు పనులు కావు. పఠన మందిరమున ఈ పత్రిక చదువు పదిమంది పూనుకొనిన నగును. వేదిక మీద తెలుగు పలుకు వినబడనినాడు వీధిలో నది నిలుచునని నమ్ముట భ్రాంతి. ఈ వసంతమున మీ యూర నాటక మున్నదా? టిక్కెట్టు కొనుడు. లేదా? ఎందుకు లేదని అడుగుడు.