ఆంగ్ల రచనాభ్యాసం - అనుబంధ చతుష్టయం

డిగ్రీ తరగతుల్లో ఆంగ్లం చదివే విద్యార్థి వ్రాయవలసిన రచనలు ఒకే జాతికి చెందినవి కావు. వ్యాసం, లేఖ, నివేదిక, సంగ్రహం, గద్యభాగ వివరణ, గ్రంథ సమీక్ష - ప్రతి దానికీ తనదైన ధర్మం ఉన్నది. ఐనా పెక్కు తరగతుల్లో వీటన్నిటికీ ఒకే ఉపాయం చెల్లుబాటవుతున్నది. అది గైడులోని నమూనాను కంఠస్థం చేసి జవాబు పత్రంలో దించివేయటం. వరదలపై వ్యాసం వల్లించిన విద్యార్థిని వరదలపై నివేదిక వ్రాయమంటే ఆ వ్యాసాన్నే వ్రాసివస్తాడు. దీనికి కారణం బుద్ధిమాంద్యం కాదు. రచనాభేదాన్ని అతనికి బోధించినవారు లేకపోవటమే కారణం.

పలనాటిలోని ముప్పాళ్ళ వంటి గ్రామాల నుండి, తెలుగు మాధ్యమంలో చదివి కళాశాలకు వచ్చే విద్యార్థికి ఈ లోపం వల్ల కలిగే నష్టం అల్పం కాదు. 2021-22 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ కోర్సులను ఆంగ్ల మాధ్యమంలో నడపాలని ఆంధ్రప్రదేశ్‌లో నిర్ణయం జరిగింది. దానితో ఆంగ్ల రచన ఒక్క భాషా పత్రానికి పరిమితమైన అంశం కాకుండా పోయింది. చరిత్రలో, అర్థశాస్త్రంలో తెలిసిన విషయాన్ని సైతం వ్రాయలేనివాడు తెలియనివాడుగానే లెక్కకు వస్తున్నాడు.

దీనికి తగిన సాధనం ప్రాచ్య కళాశాలల పాఠాల్లోనే ఉన్నది. శాస్త్రగ్రంథారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే అనుబంధ చతుష్టయాన్ని నిరూపించటం మన సంప్రదాయం. చెప్పేది ఏమిటి, ఎందుకు, ఆ రెంటికీ గల సంబంధం ఏమిటి, ఎవరి కొరకు - ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరికిన పిమ్మటనే గ్రంథం ముందుకు సాగుతుంది. ఆంగ్ల రచనకు కూర్చున్న విద్యార్థి వేసుకోవలసినవీ ఈ ప్రశ్నలే.

నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూములకు నీరు అందకపోవటాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంజనీరుకు వ్రాసే లేఖలో అధికారి ఆ ఇంజనీరు, ప్రయోజనం నీటి విడుదల. కనుక అక్కడ కాలువ చరిత్ర అనవసరం. ఊరు, ఎకరాలు, నీరు ఆగిన తేదీ, కోరిక ఉంటే చాలు. అదే విషయంపై నివేదికలో కోరిక ఉండదు. చూచినది, విన్నది, లెక్కించినది వేరువేరుగా ఉండాలి. వ్యాసంలో వాదం ఉండాలి. సంగ్రహంలో పరుల మాట తప్ప తన మాట ఉండరాదు. విషయం ఒక్కటే ఐనా అధికారి, ప్రయోజనం మారటంతో రచనారూపమే మారిపోయింది. ఈ సంగతి గ్రహించిన విద్యార్థికి గైడుతో పని తక్కువ.

రచనాభేదాల లక్షణాలు సైతం మనకు కొత్తవి కావు. రాజశేఖరుడు కావ్యమీమాంస ద్వితీయాధ్యాయంలో వృత్తి, భాష్యం, టీక, పంజిక, వార్తికం మొదలైన వాటిని వేరుపరిచి నిర్వచించాడు. కఠిన పదాలను విడగొట్టి చెప్పేది పంజిక. ఆక్షేపించి సమాధానం చెప్పేది భాష్యం. చెప్పినదానిని, చెప్పక విడిచినదానిని, తప్పుగా చెప్పినదానిని విచారించేది వార్తికం. గద్యభాగ వివరణకు పంజిక, వాదప్రధానమైన వ్యాసానికి భాష్యం, గ్రంథ సమీక్షకు వార్తికం సన్నిహితమైనవి. మూలంలో లేనిది వ్రాయనని, అపేక్షితం కానిది చెప్పనని మల్లినాథసూరి పూనిన నియమం సంగ్రహ రచనకు మించిన సూత్రం.

ఐతే ఇక్కడ ఒక పూర్వపక్షం ఉన్నది. ఆంగ్లానికి దాని సంప్రదాయం దానికి ఉండగా సంస్కృత పరిభాష చిక్కులు కల్పిస్తుంది గదా అని ఆక్షేపించవచ్చు. ఆక్షేపంలో కొంత సత్యం లేకపోలేదు. మీమాంసాధికరణంలో విషయం, సంశయం, పూర్వపక్షం గడిచిన పిమ్మట సిద్ధాంతం వస్తుంది. ఆంగ్ల వ్యాసంలో సిద్ధాంతాన్ని సాధారణంగా మొదటి పేరాలోనే ప్రకటించి, తరువాత సమర్థిస్తారు. తెలుగు లేఖలోని మర్యాద వాక్యాలను యథాతథంగా ఆంగ్లంలోకి దింపితే హాస్యాస్పదం అవుతుంది. కాబట్టి సంప్రదాయం నుండి గ్రహించవలసినది వివేచనా పద్ధతిని గాని వాక్యక్రమాన్ని కాదు. భేదం ఎక్కడ ఉన్నదో చెప్పటం కూడా బోధనలో భాగమే.

ఆంగ్ల తరగతిలో తెలుగు మాట వినిపించరాదనే నియమం మరొక అడ్డంకి. 1910 దశకంలో మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో తెలుగు వ్యాసరచన గ్రాంథికంలో ఉండాలా, వ్యావహారికంలో ఉండవచ్చునా అనే వివాదం చెలరేగినప్పుడు గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. గిడుగు రామమూర్తి ప్రభృతుల పోరాటం వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే: విద్యార్థి తన ఆలోచనను తనకు పట్టుబడిన భాషలో చెప్పుకోవచ్చునా, కూడదా? నేటి ఆంగ్ల తరగతిలోనూ ఆ ప్రశ్న సజీవంగానే ఉన్నది. తెలుగులో ఆలోచించి, ప్రణాళిక వేసుకొని, ఆంగ్లంలో వ్రాయటం దోషం కాదు. ఆలోచనే లేకుండా ఆంగ్లంలో వ్రాయటం దోషం.

ఆచరణకు పెద్ద వ్యయం అక్కరలేదు. ప్రతి రచనకు ముందు నాలుగు అనుబంధాలను నాలుగు తెలుగు వాక్యాల్లో వ్రాయించాలి. అధ్యాపకుడు మొదట వాటిని దిద్ది, తరువాతనే ఆంగ్ల రచనను చూడాలి. తెలుగులో ఉపపదాలు లేనందున 'ఎ', 'ది' ప్రయోగాల్లో తప్పులు సహజం. వాటి క్రింద ఎర్రగీతలు గీసి దిద్దుబాటు ముగిసిందనుకుంటే, లేఖ అడిగినచోట వ్యాసం వ్రాసిన అసలు తప్పు అట్లే మిగిలిపోతుంది. ఒకే స్థానిక విషయాన్ని నెలపాటు లేఖగా, నివేదికగా, సంగ్రహంగా, వ్యాసంగా వ్రాయించటం మరొక మార్గం. ఈ పనిలో ఆంగ్లాధ్యాపకునికి సంస్కృతాంధ్ర పండితుడు తోడు కావాలి. పలనాటి విద్యార్థి చేతిలో గైడుకు బదులు ఒక వివేచన నిలిస్తే, అతడు వ్రాసిన ఆంగ్లంలో తప్పులున్నా అది అతని రచనే అవుతుంది.