అంబేడ్కర్ పేరున్న జిల్లాలో ఆయన అడిగిన రెండో తలుపు

బీటెక్ అయిపోయి ఏడాది కావస్తోంది. ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ ఒరిజినల్స్ తెమ్మంటోంది. కళాశాల ఆఫీసుకు వెళితే "మీ పేరున డ్యూ ఉంది, కట్టి పట్టుకెళ్లండి" అంటున్నారు. నిజానికి ఆ డ్యూ పిల్లాడిది కాదు. ప్రభుత్వం వేయాల్సిన రీయింబర్స్‌మెంట్‌ది. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పేటల్లో ఈ మాట విననివాళ్లు తక్కువ. మాలో ఒకరి ఇంట్లోనూ ఇదే జరిగింది. చివరికి కువైట్‌లో ఇంటిపని చేస్తున్న పిన్ని పంపిన డబ్బుతో సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాగితం పట్టుకెళ్లి కౌంటర్ దగ్గర చూపిస్తే నవ్వుతారు.

ఈ డబ్బు ఎక్కడ ఆగుతోందో అర్థం చేసుకోవాలి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం అని కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో తీర్మానించింది. ముందు రాష్ట్రం తన 40 వేయాలి, ఆ తర్వాతే కేంద్రం తన 60ని నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తుంది. అంటే రాష్ట్రం ఆలస్యం చేస్తే కేంద్రం డబ్బూ ఆగుతుంది. మధ్యలో ఖాతాలు మారుతూ వచ్చాయి. విద్యా దీవెన పేరుతో తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాలలకే ఇస్తామన్నారు. డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నదాని మీద జరిగినంత చర్చ, ఎప్పుడు పడాలన్నదాని మీద జరగలేదు. ఎంటెక్ చదువుదామనుకున్నవాళ్లకు అసలు గొడవే లేకుండా చేశారు: 2020 డిసెంబరు నాటి జీవో 77తో ప్రైవేటు కళాశాలల్లో పీజీకి రీయింబర్స్‌మెంటే ఎత్తేశారు.

ఫీజు కోసం ధర్నాలు చేస్తున్నాం, చేయాలి కూడా. అయితే ఈ పోరాటంలో పడి ఇంకో విషయం మరిచిపోతున్నామని మాకు అనిపిస్తోంది.

ఈ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మూలం ఎక్కడుందో చూడండి. 1942లో బాబాసాహెబ్ వైస్రాయ్ కార్యవర్గంలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. అదే ఏడాది షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద వైస్రాయ్‌కి ఒక వినతిపత్రం ఇచ్చారు. ఆర్ట్స్, లా చదువులు మనవాళ్లను పెద్దగా ముందుకు తీసుకెళ్లవని, సైన్సులోనూ సాంకేతిక విద్యలోనూ పై చదువులు కావాలని, ఆ ఖర్చు పేదవాడు భరించలేడు కాబట్టి ప్రభుత్వమే పెట్టుకోవాలని అందులో అడిగారు. ఏటా 3 లక్షల రూపాయల గ్రాంటు సాధించారు. 1944లో స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. ఇది మనందరికీ తెలిసిన భాగమే.

తెలియని భాగం, లేదా తెలిసీ ఎవరం ఎత్తని భాగం, అదే వినతిపత్రంలో ఉంది. ప్రభుత్వ ప్రింటింగ్ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకోవాలని కూడా ఆయన అడిగారు. ఆనాడు దేశంలో కొత్త యంత్రం ఎక్కడుంటే అక్కడ మనవాడి చెయ్యి పడాలని ఆయన ఉద్దేశం. విశ్వవిద్యాలయం ఒక తలుపు, వర్క్‌షాపు రెండో తలుపు. మొదటిది సగం తెరిచి ఫీజుతో అడ్డం పెట్టారు. రెండోదాని సంగతి మనమే అడగడం మానేశాం.

ఎందుకు మానేశామో ఊహించగలం. చేతిపని మనకు కొత్త కాదు. కోనసీమకు నీళ్లు తెచ్చిన గన్నవరం అక్విడెక్టు 1850ల్లో కట్టారు. ఇంజనీరు హేగ్ పేరు పుస్తకాల్లో ఉంది, మట్టి మోసిన మన తాతల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. కొబ్బరి దింపు, వలుపు, డొక్క నుంచి పీచు తీయడం, తాపీ పని, వెల్డింగు, ఇవన్నీ చేస్తున్న ఇళ్లలో "నువ్వైనా కుర్చీలో కూర్చునే పని చెయ్యరా" అని అమ్మానాన్నలు అనడంలో తప్పేముంది? అజంతా సుబ్రమణియన్ 2019లో తెచ్చిన 'ద కాస్ట్ ఆఫ్ మెరిట్' పుస్తకం మద్రాసు ఐఐటీ గురించి. బ్రిటిష్ వాళ్ల కాలంలో చేతిపని నేర్పే ఇండస్ట్రియల్ స్కూళ్లు కింది కులాలకు, లెక్కలూ సిద్ధాంతమూ నేర్పే ఇంజనీరింగ్ కాలేజీలు పై కులాలకు ఎలా విడిపోయాయో అందులో చూపించారు. యంత్రాన్ని ముట్టుకునేవాడు ఒకడు, యంత్రం గురించి సంతకం పెట్టేవాడు ఇంకొకడు. ఇవాళ ఐటీఐ, పాలిటెక్నిక్, బీటెక్, ఐఐటీ అన్న నిచ్చెన ఆ విభజనే. ఈసెట్ రాసి డిప్లొమా నుంచి బీటెక్ రెండో ఏడాదిలోకి ఎక్కే మెట్టు ఒకటుంది, అది మనవాళ్లకు చాలా మేలు చేసింది. ఐటీఐ నుంచి పైకి రావడం మాత్రం ఇప్పటికీ కష్టమే.

ఆ నిచ్చెన పై మెట్టు దగ్గర ఏం జరుగుతుందో 2024లో దేశం చూసింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దళిత కూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక సీటు పోయింది. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు చెబితే గానీ తిరిగి రాలేదు. ప్రతి పిల్లాడూ సుప్రీంకోర్టు దాకా వెళ్లలేడు కదా.

మళ్లీ కోనసీమకే వద్దాం. మన కాళ్ల కింద గ్యాస్ ఉంది. అది ఉందని మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. నష్టం మన వాటాకు ఇలా వచ్చింది. ఆ పైపును చూసే, పరీక్షించే, మరమ్మతు చేసే చదువు మన వాటాకు ఎంత వచ్చింది? ఓడలరేవులో ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది, అదే ఊళ్లో ఇంజనీరింగ్ కళాశాలా ఉంది. కాకినాడ జేఎన్‌టీయూలో పెట్రోలియం ఇంజనీరింగ్ ఉంది. అయినా పిల్లలు ఎక్కువగా చేరేది కంప్యూటర్ సైన్సులో. 2024-25 నుంచి ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లన్న పరిమితిని ఏఐసీటీఈ తీసేశాక, డిమాండ్ ఉన్న బ్రాంచిలో సీట్లు పెంచుకునే వీలు కళాశాలలకు దొరికింది. మెకానికల్, సివిల్ బక్కచిక్కిపోతున్నాయి. కంప్యూటర్ చదవొద్దని మేం అనడం లేదు. ఆ చదువుతో హైదరాబాదు వెళ్లి ఇల్లు నిలబెట్టినవాళ్లు మనలో ఉన్నారు. మన ఊరి పైపులైను మన పిల్లాడికి ఒక దారిగానే కనిపించకపోవడమే మా బాధ. ఐటీఐ చేసినవాడు గల్ఫ్ వెళ్లి అక్కడి పైపులకు వెల్డింగు చేస్తున్నాడు, ఇక్కడి పైపు పక్కన అమ్మానాన్నలు కాపురం ఉంటున్నారు.

ఈ రెండో తలుపుకు చట్టం ఉంది. 1961 అప్రెంటిస్‌ల చట్టంలోని 3ఎ సెక్షన్ ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించాలంటుంది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న ప్రతి సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకుని తీరాలి. ఆ సిబ్బంది లెక్కలో కాంట్రాక్టు పనివాళ్లూ వస్తారు. అప్పుడు నిర్ణయించిన కనీస స్టైపెండ్ డిగ్రీ ఉన్నవాళ్లకు నెలకు 9,000, డిప్లొమా వాళ్లకు 8,000, ఐటీఐ వాళ్లకు 7,000. గొప్ప డబ్బేం కాదు, అమలాపురంలో గది అద్దెకూ తిండికే చాలాచాలకుండా సరిపోతుంది. కానీ ఏడాది చేశాక చేతికొచ్చే సర్టిఫికెట్‌కు విలువ ఉంటుంది. పైగా అది కళాశాల డ్యూ కింద తాకట్టులో ఉండదు.

2022లో జిల్లాకు బాబాసాహెబ్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. దళిత మంత్రి ఇల్లూ కాలింది. పేరు నిలిచింది. కలెక్టరేట్ బోర్డు మీద ఉంది, బస్సుల మీద ఉంది. ఆ పేరు కోసం నిలబడ్డ మనం, ఆయన 1942లో అడిగింది ఈ జిల్లాలో ఎంత జరిగిందో అడగకపోతే ఎలా?

మేం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు సిద్ధం చేస్తున్నాం. జిల్లాలో గ్యాస్ తీసే, రవాణా చేసే ప్రభుత్వ రంగ సంస్థలు గత ఐదేళ్లలో ఎంతమంది అప్రెంటిస్‌లను తీసుకున్నాయి, వారిలో ఎస్సీలు ఎందరు, బావి లేదా పైపులైను ఉన్న మండలాల వాళ్లు ఎందరు, ఏ ట్రేడ్‌లో, ఆ తర్వాత వాళ్లలో ఎందరు అక్కడే పనిలో కొనసాగారు. సాంఘిక సంక్షేమ శాఖను అడిగేది వేరే: ఏ ఏడాది రాష్ట్రం వాటా ఏ తేదీన పడింది, కేంద్రం వాటా ఏ తేదీన పడింది. మీ పేటలో అప్రెంటిస్ చేసినవాళ్లు, దరఖాస్తు పెట్టి రానివాళ్లు, డ్యూ పేరుతో సర్టిఫికెట్లు ఆగినవాళ్లు ఉంటే ఏ ఏడాది, ఏ ట్రేడ్, ఎన్ని నెలలు అన్నది మాకు రాసి పంపండి. పేర్లు బయటపెట్టం.