అరిగిన టైరు చెప్పెడి మాట

అధ్యాత్మ రామాయణమున నొక కథ కలదు. దేవాసుర యుద్ధమున దశరథుని రథపు ఇరుసుచీల విఱిగి పడిపోగా, ప్రక్కనే యున్న కైకేయి ఆ రంధ్రమున తన చేయి యుంచి రథమును నిలిపెనట. రాజు శత్రువులపై దృష్టి నిలిపి బాణములు వేయుచుండగా, చక్రము సంగతి కనిపెట్టినది ఇల్లాలు. ఆమె పిమ్మట చేసిన పనిని మెచ్చువారు లేరు గాని, ఆనాడు చూపిన మెలకువను మాత్రము మెచ్చక తప్పదు.

నేడు రథములకు మాఱుగా ఇండ్ల ముంగిట కారులు నిలిచియున్నవి. వాని చక్రముల వంక చూచు ఇల్లాండ్రెందఱు? కారు నడుపు సోదరీమణులు ఈ కాలమున పెక్కురు కలరు. నడుపనివారును ఇంటి జమాఖర్చులు చూచుకొనువారే గదా. కావున ఈ మాసము మేము టైర్లు అకాలమున, అందులోను ఒకవైపు మాత్రమే, అరిగిపోవుటను గూర్చి ముచ్చటింపదలచితిమి.

మా పొరుగింటి వారికొక చిన్న కారు కలదు. ఆ యింటి యజమాని నిరుడు ముందరి టైర్లు రెండును క్రొత్తవి వేయించిరి. పది నెలలు నిండకమునుపే, ఒకనాడు పంక్చరు వేయించుటకై చక్రము విప్పగా, టైరు లోపలి యంచు బోడియై కనబడెను. బయటివైపు చూచిన క్రొత్తదివలెనే యున్నది. రెండవ టైరును అట్లే యుండెను. "సరకు మంచిది కాదు, మోసపోతిమి" అని ఆయన అమ్మినవానిని నిందించి, మఱల రెండు టైర్లు కొనుటకు సిద్ధపడిరి. అప్పుడు ఆయన భార్య, "సరకు చెడ్డదైనచో అంతయు నొక్క తీరున అరుగవలెను గదండీ? సగము మంచిది, సగము చెడ్డది యెట్లగును?" అని యడిగినది.

అడుగవలసిన ప్రశ్న అదియే. అలైన్‌మెంటు చూపింపగా ముందరి చక్రములు రెండును చెఱియొక దిక్కునకు మొగమై యున్నవని తేలెను. ఎప్పుడో గోతిలో పడినపుడు స్టీరింగు కడ్డీ కొంచెము వంగెనట. దానిని సరిచేయింపక క్రొత్త టైర్లు వేసియుండినచో అవియు పది నెలలకే పోయెడివి. డబ్బు రెండుమాఱులు పోవుట, దోషము మాత్రము అట్లే నిలుచుట!

చెప్పు మడమ ఒకప్రక్క అరిగినచో మనము చెప్పును నిందింపము. నడకలో నేదో వంక యున్నదని యెఱుగుదుము. టైరును అంతే. అది నేలను తాకు భాగము ఇంచుమించు అరచేయంత మాత్రమే. బండి బరువును, అందు కూర్చున్న బిడ్డల బరువును మోయునవి ఆ నాలుగు అరచేతులే. ఆ చేయి నేలపై సమముగా ఆనవలెను. ఆననిచో ఎచ్చట ఒత్తిడి హెచ్చునో అచ్చటనే అరుగును.

కావున అరిగిన చోటును బట్టి కారణమును తెలిసికొనవచ్చును. నడుమ నిలిచి రెండంచులును అరిగినచో గాలి చాలలేదన్నమాట. అంచులు నిలిచి నడుమ అరిగినచో గాలి మితిమీరినదన్నమాట. ఒక్క యంచు మాత్రమే నున్నబడినచో, చక్రము నిలువున ఒకప్రక్కకు వాలియుండవలెను, లేదా తిన్నగా ముందునకు చూడక ప్రక్కకు మొగమై యుండవలెను. ఈ రెండింటిలో నేదియని సందేహమా? బండి నిలిచియున్నపుడు అరచేతితో టైరును అడ్డముగా మెల్లగా నిమిరి చూడుడు. ఒకవైపునకు నున్నగాను, తిరుగు వైపునకు ఱంపపు పండ్లవలె గరుకుగాను తోచినచో రెండవదే కారణము. అచ్చటచ్చట గుంటలుగా అరిగినచో షాక్ అబ్సార్బర్లు బలము తప్పి చక్రము ఎగిరెగిరి పడుచున్నదనియైనను, బాలెన్సింగు చెడినదనియైనను గ్రహింపవలెను. ఎచ్చటనైన లోపలి తీగలు బయటపడి యున్నచో చేయి పెట్టరాదు. ఆ టైరుతో బండిని కదలింపనురాదు.

వీనిలో తఱచుగా కనబడు దోషము గాలిదే. గాలి ఎంత యుండవలెనో తెలియుటకు టైరుమీది అంకెను చూడరాదు. అది టైరు సహింపగల గరిష్ఠపు హద్దు. నడుపువారి ద్వారము తెరచినచో సాధారణముగా ఆ కంబముమీద నొక చీటి యంటించి యుండును. ఆ కారునకు తగిన అంకె అందుండును. చిన్న కారులకు పెక్కింటికి అది చదరపు అంగుళమునకు 30 మొదలు 35 పౌండ్ల వఱకు నుండును. బండి మూడు గంటలైనను కదలక, టైరు చల్లగా నున్నపుడే కొలిపింపవలెను. మండుటెండలో విజయవాడనుండి హైదరాబాదునకు పోవుచు నడిదారిలో కొలిపించినచో, వేడికి వ్యాకోచించిన గాలి హెచ్చు అంకెను చూపును. అది చూచి గాలి తీయించినచో, చల్లబడిన పిమ్మట లోటు పడును. వేసవిలో గాలి తగ్గించి నడుపుట క్షేమమని కొందఱు నమ్ముదురు. అది పొరపాటు. గాలి తక్కువైన టైరు ప్రక్కలు పదేపదే వంగుచు మఱింత వేడెక్కును; దారిలో టైరు ప్రేలుటకు అదియొక ముఖ్యకారణము.

దోషమేమియు లేకున్నను నాలుగు టైర్లును సమముగా అరుగవు. నేటి చిన్న కారులలో పెక్కింటికి ఇంజను ముందే యుండి ముందరి చక్రములనే త్రిప్పును. మలుపు తిరుగు పనియు, బ్రేకు భారములో హెచ్చుపాలును వానిదే. అందుచే ముందరివి త్వరగా అరుగును. ఇంటిలో పనియంతయు ఒక్క కోడలిమీదనే పడరాదని పెద్దలు వంతులు పెట్టినట్లు, సుమారు 8,000 మొదలు 10,000 కిలోమీటర్లకొకమాఱు ముందువి వెనుకకు, వెనుకవి ముందునకు మార్పింపవలెను. అయితే కొన్ని టైర్ల ప్రక్కన తిరుగవలసిన దిక్కును చూపు బాణపు గుర్తుండును. అట్టివానిని ఉన్న ప్రక్కననే ముందు వెనుకలు మార్పవలెను. అలైన్‌మెంటు చేయించుటకు మునుపు స్టీరింగు కడ్డీల కీళ్లు వదులైనవేమో చూపింపుడు. కీళ్లు వదులుగా నుండగా చేసిన అలైన్‌మెంటు నాలుగు నాళ్లు నిలువదు.

ఇదంతయు డబ్బు మాటయే యని తలపరాదు. టైరుమీది గాళ్లు అందమునకు కాదు. వానలో నీటిని ప్రక్కలకు త్రోయుటకు. అవి అరిగినచో చక్రము నేలను విడిచి నీటిపై తేలును. అప్పుడు బ్రేకు త్రొక్కినను, స్టీరింగు త్రిప్పినను బండి మాట వినదు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన దేశపు నిబంధన. ఆ లోతును తెలుపుటకే గాళ్ల అడుగున చిన్న చిన్న మిట్టలుంచుదురు. పైభాగము అరిగి ఆ మిట్టలతో సమమైనచో టైరు మార్పక తప్పదు. మా పొరుగింటివారు ఆ బోడి యంచులతోనే శ్రావణమాసపు వానలలో బిడ్డలను బడికి తీసికొనిపోవుచుండిరి. లోపలి యంచు గాన ఎవరికిని కనబడలేదు.

కావున నెలకొకమాఱు, పాలలెక్క చూచుకొను దినముననే, ఈ పనియు పెట్టుకొనుడు. ఇంజను ఆపించి, స్టీరింగును ఒకప్రక్కకు పూర్తిగా త్రిప్పించినచో ముందరి టైరు లోపలి యంచు కంటబడును. రెండవ ప్రక్కకు త్రిప్పించి మఱియొకటి చూడుడు. వెనుకటివానికి వంగి చూచినచో చాలును. క్రొత్త టైరు కొనవలెనని యింటివారు రూకలు లెక్కించు వేళ, "పాతది ఎచ్చట అరిగినదండీ?" అని యొక్కమాట యడుగుడు. ఆ మాటకు జవాబు దొరకిన పిమ్మటనే డబ్బు తీయుడు.