బిడ్డకు చికిత్స సరే, తల్లి సంగతేమిటి?

పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశంలో 1991 మార్చిలో మొదలైన అంతర్యుద్ధం 2002 జనవరిలో ముగిసింది. ఆ పదకొండేళ్ళలో సుమారు 50 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఇరవై లక్షలకు పైగా జనం ఇల్లూవాకిలీ వదిలి పారిపోయారు. వేలాది మంది పసివాళ్ళ చేతికి తుపాకులిచ్చి యుద్ధంలోకి దించారు. ఆడపిల్లలను ఎత్తుకుపోయారు. ఆ దేశ జనాభాలో నూటికి డెబ్బై మందికి పైగా ముస్లింలే. అయినా వజ్రాల ప్రస్తావన వచ్చినప్పుడో, 2014లో ఎబోలా వ్యాధి ప్రబలినప్పుడో తప్ప ఆ పేరు మన చెవిన పడింది తక్కువ. యుద్ధం మిగిల్చిన మానసిక గాయాలకు అక్కడ జరిగిన చికిత్స నుంచి మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

రాజధాని ఫ్రీటౌన్‌లోని కిస్సీ మానసిక వైద్యశాల 1820 నాటిది. అంత పాత ఆసుపత్రి ఉన్నా, ఎన్నో ఏళ్ళపాటు దేశమంతటికీ ఒకే ఒక్క మానసిక వైద్యుడు దిక్కయ్యాడు. ఇలాంటి చోట డాక్టర్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఒక తరమే గడిచిపోతుంది. అమెరికా పరిశోధకురాలు థెరిసా బెటాన్‌కోర్ట్ బృందం 2002 నుంచి అక్కడ యుద్ధబాధితులైన 500 మందికి పైగా పిల్లల జీవితాలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చింది. ఇంటివారు, ఊరివారు అక్కున చేర్చుకున్న పిల్లలు తేరుకున్నారని, వెలివేతకు గురైనవారు పెద్దయ్యాక కూడా కుంగిపోయే ఉన్నారని ఆ అధ్యయనం తేల్చింది.

దీని ఆధారంగా ఒక చికిత్సా పద్ధతి రూపొందింది. పది పన్నెండు వారాలపాటు యువతీయువకులు చిన్న బృందాలుగా కూర్చుంటారు. శిక్షణ పొందిన స్థానికులే వారికి ఊపిరిని నెమ్మదించడం, కోపాన్ని అదుపు చేసుకోవడం, చిక్కు సమస్యను ముక్కలుగా విడదీసి పరిష్కరించుకోవడం నేర్పుతారు. 15 నుంచి 24 ఏళ్ళ వయసున్న 436 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. చికిత్స పొందినవారు ఆవేశాన్ని అణచుకోవడంలో మెరుగయ్యారు. చదువు కొనసాగించినవారూ వారిలోనే ఎక్కువ. తరువాతి కాలంలో ఈ చికిత్సకు చిన్న వ్యాపారాల శిక్షణను జోడించి గ్రామీణ జిల్లాలకు తీసుకువెళ్ళారు. అప్పుడే పరిశోధకులు మరో ప్రశ్న కూడా వేసుకున్నారు. ఆ యువతీయువకులతో ఒకే కప్పు కింద బతికే పెద్దల మాటేమిటి?

ఈ పెద్దలు ఎవరు? అందరూ కన్నతల్లిదండ్రులు కారు. పిన్నులు, మేనత్తలు, అమ్మమ్మలు, అన్నలు, అక్కలు ఎందరో ఉంటారు. బంధువుల బిడ్డను తెచ్చి పెంచడం ఆ సమాజంలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. నేటి యువతను పెంచుతున్నవారిలో చాలామంది ఆనాటి యుద్ధాన్ని కళ్ళారా చూసినవారే. 2014లో మొదలై నాలుగు వేల మంది వరకు బలిగొన్న ఎబోలానూ దాటి వచ్చినవారు. అంటే, రోగికి సేవ చేసే మనిషి కూడా గాయపడిన మనిషే.

బిడ్డ కుదుటపడితే ఇంటికి కలిగే మేలు అంతా ఇంతా కాదు. అర్ధరాత్రి కేకలు తగ్గితే తల్లికి కంటినిండా నిద్ర పడుతుంది. కొడుకు నాలుగు రాళ్ళు సంపాదిస్తే పొయ్యి మీదికి ఎసరెక్కుతుంది. మాటామాటా పెరిగే చోట వాడు ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుంటే, ఇంటిలో ఓ తగవు తప్పుతుంది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వాణ్ణి చూసి నేర్చుకుంటారు.

అయితే దీనికి రెండో వైపూ ఉంది. బిడ్డ శిక్షణకు వెళ్ళిన పూట పొలం పని, నీళ్ళు మోసే పని ఇంకొకరి మీద పడుతుంది. కూతురికి చంటిబిడ్డ ఉంటే అమ్మమ్మ చంకనెత్తుకోవాలి. అన్నిటికన్నా పెద్ద భారం మరొకటి. ఇన్నాళ్ళూ నోరు విప్పని పిల్లవాడు ఒకరోజు జరిగినదంతా చెప్పడం మొదలుపెడితే, వినే తల్లి పాత గాయం కూడా రేగుతుంది. పిల్లవాడికి బృందం ఉంది, ఓదార్చే గురువు ఉన్నాడు. ఆమెకు ఎవరున్నారు?

పవిత్ర ఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరాను మనం ఈ దృష్టితో మరొకసారి చదవాలి. బిడ్డకు దూరమైన హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దుఃఖంతో చూపు పోగొట్టుకున్నారు. ఆయన సహనశీలి, దైవప్రవక్త. అయినా కన్నీరు ఆగలేదు. ఇంకా ఎంతకాలం ఆ బిడ్డనే తలచుకుంటావని ఇంటివాళ్ళే ఆయన్ని మందలించారు. చివరికి యూసుఫ్ (అలైహిస్సలాం) చొక్కా ముఖానికి తాకినప్పుడు ఆ కళ్ళకు మళ్ళీ వెలుగు వచ్చింది. బిడ్డ క్షేమం తండ్రికి స్వస్థత అయింది. సబ్ర్ అంటే బాధ లేకపోవడం కాదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

కనుక మానసిక రోగాన్ని ఈమాన్ లోపమనో, జిన్ను పట్టిందనో తేల్చేయడం తగదు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అనే పండితుడు పదకొండు వందల ఏళ్ళ క్రితమే శరీరారోగ్యాన్ని, మనసు ఆరోగ్యాన్ని ఒకే గ్రంథంలో చర్చించాడు. దువా చేద్దాం, చికిత్సా చేయిద్దాం. ఒకటి రెండోదానికి అడ్డు కాదు.

సియెర్రా లియోన్‌లో 1997లో ముస్లిం, క్రైస్తవ పెద్దలు కలిసి మతాంతర మండలి ఏర్పాటు చేసుకున్నారు. 1999లో లోమే శాంతి ఒప్పందానికి దారి వేయడంలో వారి కృషి ఉంది. తిరుగుబాటుదారులతో మాట్లాడగలిగిన ఇమాములు, పాస్టర్లు అలసిపోయిన ఒక తల్లితో మాట్లాడలేరా? యువతకు చికిత్స ప్రారంభించేటప్పుడే ఇంటి పెద్దలనూ కూర్చోబెట్టి ఏం జరగబోతోందో చెప్పాలి. నడుమ ఒకటి రెండుసార్లు వారి గోడు విడిగా వినాలి. పనిపూట పోగొట్టుకున్న పేద ఇంటిని సదఖాతో, అర్హులైతే జకాత్‌తో ఆదుకోవాలి. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు.

యుద్ధం చూడని మన వీధుల్లోనూ ఇలాంటి ఇళ్ళున్నాయి. రోగిని పరామర్శించడం మన ధర్మం. ఈసారి పరామర్శకు వెళ్ళినప్పుడు మంచం పక్కన కూర్చున్న ఆ తల్లిని, ఆ అక్కను కూడా 'మీరెలా ఉన్నారు' అని అడుగుదాం. జవాబు చెప్పడం పూర్తయ్యేదాకా కూర్చుందాం. గాయపడినవారికీ, వారిని మోస్తున్నవారికీ అల్లాహ్ ఊరట ప్రసాదించుగాక! ఆమీన్.