రాజాం ఒక్క గడిలో అయిపోయింది

మా మనవడి కోసం ఈ వారం ఒక బొమ్మల కథ కొన్నాను. బొబ్బిలి యుద్ధం. అచ్చేసినవాళ్ల పేరు చెప్పను గానీ, బొమ్మలేసిన మనిషికి మాత్రం దండం పెడతాను. పొగమంచులో కోట, మట్టిగోడల మీద ఫిరంగి దెబ్బలు, గుర్రాల ముక్కుల్లోంచి లేచే ఆవిరి... పేజీ తిప్పబుద్ధి కాలేదు.

వాడు పావుగంటలో ముగించేసి, "ఏటి తాతా, పాపారాయుడు అప్పుడిదాకా ఎక్కడున్నాడు?" అనడిగాడు.

అదే కదా అసలు కథ! 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి మీద పేలుతుంటే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడని మన ఊళ్లలో చెప్పుకుంటాం. కబురందలేదు. అందేసరికి బొబ్బిలి రాజు రంగారావు లేడు, కోటలో ఆడవాళ్లూ పిల్లలూ లేరు. ఆ ఆలస్యం గుండెల్లో రగులుతుంటేనే గదా శత్రువైన విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి దూరాడు! ఈ పుస్తకంలో మాత్రం 48 పేజీల్లో సగం ఫిరంగులకే పోయాయి. రాజాం ఒక్క గడిలో అయిపోయింది.

బొమ్మ బాగుంటే కథ దానంతటదే నడుస్తుందనుకుంటున్నారు. నడవదు. మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య చందమామకి అట్ట వేస్తే, లోపల కొడవటిగంటి కుటుంబరావు కలం ఉండేది. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్‌ని ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేవారు. అందులో చిత్రా వేసిన బొమ్మ చూసుకుంటూ నెలంతా కాచుకునేవాళ్లం.

అసలు బొమ్మే లేకుండా కథ చెప్పిన నేల ఇది. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసు గారికి కాలి గజ్జె, చేతిలో చిడతలు చాలాయి. జముకుల కథ చెప్పేవాళ్లకి జముకు వాయిద్యం ఎప్పుడు ఆపేయాలో తెలుసు. అది ఆగినప్పుడల్లా మా నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

ఈ పుస్తకం అట్ట మీద చిత్రకారుడి పేరుంది. కథ రాసిందెవరో లోపల కూడా లేదు. శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. అక్కడ నాలుగు రోజులు కూర్చున్నా కథ ఎలా నడుస్తుందో తెలిసేది.

ఇక మాటలు. కోట కాపలావాడు "ఎవరు నీవు? ఎచటికి పోవుచున్నావు?" అంటాడు. బొబ్బిలి మనిషి "ఎవుల్రా అది?" అనడా? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు పుట్టింది ఇక్కడి పర్వతాలపేటలో. 1892లో వాడుక భాషలో రాసిన 'కన్యాశుల్కం' నాటకం ఆడింది విజయనగరంలో. అయినా మన కథని మన పిల్లలకి ఎవరూ మాట్లాడని తెలుగులో ఇస్తున్నారు. సినిమాల్లో నవ్వించడానికైతే మన యాస కావాలి. వీరుడి నోట పెట్టడానికి మాత్రం సిగ్గు. ఈ అవమానాన్ని ఎన్నేళ్లని మింగుతాం?

ఆ రాత్రి పుస్తకం పక్కన పెట్టి, మా నాయనమ్మ మాటల్లోనే, రాజాం నుంచి మొదలెట్టాను. కబురు దారి తప్పిన చోట కాసేపు ఆగాను. వాడు లేచి లైటు వేసి, పుస్తకంలో ఆ ఒక్క గడీ వెతుక్కున్నాడు.