తంగేడును పీకి పరాయి మొక్కకు నీళ్లు పోసుడు ఇంకెన్నాళ్లు?



మొన్న నస్పూర్ దిక్కు ఒక హాస్టల్‌కు పోయిన. గేటు కాడ "సీతాకోకల తోట" అని బోర్డు. లోపల చూస్తే గోడ పొంటి కోనోకార్పస్ వరుస, కుండీలల్ల కాగితం పూలు, అంచుకు లంటానా. ఇంతకుముందు ఈడ ఏముండె అని అడిగిన. "పిచ్చి తంగేడు పొదలుండె, జేసీబీ పెట్టి తీపిచ్చినం" అన్నరు.

తంగేడు పిచ్చి మొక్కనా? 2014ల దాన్ని రాష్ట్ర పుష్పం అని ప్రకటించిండ్రు. బతుకమ్మ నాడు అదే పువ్వు కోసం సంచి పట్టుకొని ఊరంత తిరుగుతం. పండుగ పోంగనే అదే చెట్టు మనకు చెత్త అయితది!

తోట అంటే రంగు పూలు ఒక్కటే కాదు. లంటానా మీద సీతాకోక తేనె తాగి పోతది గని గుడ్లు పెట్టదు. దాని పురుగు తినే ఆకు వేరు. తంగేడు ఆకు తిని పెరిగే సీతాకోకలు ఉన్నయి: గడ్డి మీద తిరిగే చిన్న పసుపువి, తెల్లగ లేత ఆకుపచ్చ మెరిసేవి. ఆకుకు బొక్కలు పడ్డయని మందు కొడితే సీతాకోకను కొట్టినట్టే.

తంగేడు పువ్వుల తేనె ఉండదు, పుప్పొడే ఉంటది. అది కూడ ఊరికెనే రాలదు. పెద్ద నల్ల తుమ్మెద పువ్వును పట్టుకొని జుయ్యిమని ఒళ్లు అదిరిస్తేనే రాలుతది. పొద పోతే తుమ్మెదకు ఆ తిండీ పోయినట్టే.

కోనోకార్పస్ సంగతి చూడుండ్రి. గుజరాత్ ప్రభుత్వం 2023ల ఆ మొక్క నాటుడే బందు పెట్టింది. మనం మాత్రం పచ్చగ కనవడితే చాలనుకుంటున్నం.

"అడవిల మస్తుగ ఉంది కదా, మళ్ల నాటుడెందుకు?" అని కొందరంటరు. మన దగ్గర బంజరు ప్లాట్లయింది, గట్లు చదునయినయి, గనుల మట్టి గుట్టలు లేచినయి. తంగేడు పెరిగేది గసొంటి బంజరు మీద, గట్ల మీద, అడవి అంచులనే. ఇప్పుడు పట్నంల పువ్వును పైసలిచ్చి కొంటున్నరు.

తప్పు మనది కూడ ఉంది. జల్ జంగల్ జమీన్ అని నినాదం ఇస్తం, హాస్టల్ వెనుక పొదను నరుకుతుంటే సెల్ఫీ దిగుతం. ఆ ఆకును పొలంల పచ్చిరొట్టగ తొక్కిండ్రు, ఆ చెక్కతోని తోళ్లు పదును చేసిండ్రు, ఆ పుల్లతోని పండ్లు తోముకున్నరు. అవ్వ తాతలకు తెలిసిన చెట్టు పేరు డిగ్రీ చదివే మనకు తెల్వకపోతే ఏం చదువు అది?

పని కష్టమేం కాదు. ఎండిన కాయలు తెంపి గింజలు దాయుండ్రి. గింజ తోలు గట్టిది. నీళ్లు మసలబెట్టి, దించి, అండ్ల గింజలేసి రాత్రంత నాననియ్యుండ్రి. తొలకరి పడంగనే నాటే జాగలనే గింజ పెట్టుండ్రి, వేరు లోతుకు పోతది కాబట్టి తరువాత పీకి నాటితే బతుకుడు కష్టం. మొక్కకు మొక్కకు ఐదడుగులు ఇడువుండ్రి. మొదటి ఏడు కాపాడితే చాలు, తరువాత రాళ్ల నేలల గూడ అదే బతుకుతది. పండుగకు పువ్వు తెంపుండ్రి, కొమ్మ ఇరువకుండ్రి. తుమ్మెదకు సగం ఇడువుండ్రి.

ఈ చలికాలం ఒక్కొక్కరు ఒక పిడికెడు గింజలు తేవాలె. జూన్ల ఎవరి హాస్టల్ల, ఎవరి బడిల వాళ్లు నాటాలె. అడ్డం చెప్పే వార్డెన్ సార్‌ను ఒక్కటే అడుగుండ్రి: "రాష్ట్ర పుష్పానికి ఈడ జాగ లేదా సార్?"

జై సేవా!