ఎండుచేపల్లో పోతున్న డబ్బు



వృథా తగ్గించి ఖర్చు మిగుల్చుకోవడంపై మీ పత్రిక వేసిన వ్యాసం ఫ్యాక్టరీల దగ్గరే ఆగిపోయింది. చిన్న వ్యాపారాల్లో మిగిలేదేమీ ఉండదన్న మాట నేను ఒప్పుకోను. ఒడిశాలోని గంజాం జిల్లాలో రుషికుల్యా నది మొగ దగ్గరున్న పొడంపేట తీరానికి వచ్చి చూడండి. మెత్తళ్లను ఇసుకలోనే ఆరబోస్తే ఇసుక అంటుకుంటుంది, అడుగు తడి ఆరదు, ఈగలు గుడ్లు పెడతాయి. మనుషులు తినాల్సిన చేప చివరికి కోళ్ల దాణా ధరకు పోతుంది. నడుమెత్తున వెదుళ్లు కట్టి పాత వల పరిస్తే కిందనుంచీ గాలి ఆడుతుంది, త్వరగా ఎండుతుంది. పాత వల లేని ఇల్లు అక్కడ ఉంటుందా!

ఐసు సంగతీ అంతే. మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు కావాలి. మూతలేని బుట్టలో వేస్తే బరంపురం చేరేసరికి నీళ్లే మిగులుతాయి. పైగా గుడ్లు పెట్టే సముద్ర తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల మేర ఇంజను పడవల వేటపై నిషేధం. వేట తగ్గే ఆ నెలల్లో చెడిన ప్రతి బుట్టా అప్పే.

పొదుపు సంఘాల రుణాల్లో థర్మాకోల్ పెట్టెలనూ చేర్చాలి. విశాఖలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడివాళ్లు వస్తే తెలుగు మాట్లాడే మా జాలర్లకు ఈ పద్ధతులు తెలుగులోనే నేర్పొచ్చు.

– ఒక పాఠకుడు, బరంపురం